నీలగిరి ఆకు, మిక్సీ, మొలవని పెసలు

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. నాలుగెకరాల ఎర్రనేల. నాన్నకు ఆరోగ్యం బాగాలేక రెండేళ్లుగా సేద్యం నేనే చూసుకుంటున్నాను. ఈ ఖరీఫ్‌లో బుడ్డలు (వేరుశనగ) వేశాం, పైరుకు నలభై రోజులు. తూర్పు గెనిమ (చేను గట్టు) మీద మా చిన్నాయన వాళ్ల నీలగిరి చెట్లు పద్నాలుగున్నాయి. వాటి పక్క ఐదారు సాళ్లు గిడసబారిపోయాయి. చేను నడుమ సుద్ద తేలిన చోట లేత ఆకులు పసుపు తిరిగాయి. పోయినేడు ఆ చేలో మేతకు జొన్న వేశాం. పడమటి గట్టున వయ్యారిభామ పూతకొచ్చింది, కూలోళ్లు దొరక్క వదిలేశాం. మా తమ్ముడు ఇంటర్ బైపీసీ. చెట్ల ఆకుల నుంచి, జొన్న వేర్ల నుంచి రసాయనాలు దిగి, పైరు ఆకు ఎండలో తిండి తయారు చేసుకోకుండా ఆపేస్తాయని ఫోన్‌లో చదివాడు. నీలగిరి ఆకులు మిక్సీలో రుబ్బి ఆ రసం పెసలకు పోస్తే ఒక్కటీ మొలవలేదు. ఇక చెట్లు కొట్టించాల్సిందేనని చిన్నాయనతో మాటా మాటా అనుకున్నాడు. ఇప్పుడు రెండిళ్ల మధ్య మాటల్లేవు. నిజంగా చెట్లదే తప్పా? జొన్న ఇక వేయకూడదా? పైరుకు ఏం కొట్టాలి? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ తమ్ముడు చదివింది అబద్ధం కాదు. అతను చేసిన పరీక్షే సరైంది కాదు.

మిక్సీ సంగతి ముందు తేల్చేద్దాం. గుప్పెడు పచ్చి ఆకులు రుబ్బి ఆ చిక్కటి రసంలో గింజల్ని ముంచితే, నీలగిరే కాదు, చాలా ఆకుల రసాలు గింజను లేవనీయవు. టీ డికాషన్ బాగా చిక్కగా కాచి, చల్లార్చి, ఇంకో గుప్పెడు పెసలకు పోసి చూడమనండి. అవీ సరిగ్గా మొలవవు. అంతమాత్రాన టీ తాగేవాళ్ల పెరట్లో ఏమీ పండదని అనం కదా! చేలో ఆకు రుబ్బుకుపోయి పడదు. ఎండి రాలుతుంది, మీ వైపు పడే అరాకొరా వానకు కొద్దికొద్దిగా నానుతుంది. అందులోంచి దిగిన దాన్ని మట్టి కొంత పట్టుకుంటుంది, మట్టిలోని సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. గింజ దాకా వచ్చేది మిక్సీ గిన్నెలో ఉన్నదాని ముందు ఏపాటి? ఈ పొరపాటు కుర్రవాళ్లొక్కళ్లే చేయరు. ఆకు కషాయం, గాజు పళ్లెం, పాతిక గింజలు పెట్టుకుని ఫలానా చెట్టు పంటకు విషమని తీర్పు చెప్పిన పెద్ద చదువుల వాళ్లూ ఉన్నారు. అలాంటి పరిశోధన పత్రాలు నేను సగం నమ్ముతాను, మిగతా సగం చేలోకి వెళ్లి చూశాకే.

ఇక అసలు విషయం. ఒక మొక్క వదిలే రసాయనాలు పక్క మొక్కకు కీడో మేలో చేయడాన్ని అల్లెలోపతి అంటారు. 1937లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హన్స్ మోలిష్ పెట్టిన పేరది. పేరు కొత్తదైనా సంగతి మన పల్లెలకు కొత్త కాదు. చింతచెట్టు కింద ఏమీ వేయొద్దని మీ అవ్వ ఎప్పుడో ఒకసారి అనే ఉంటుంది.

ఈ విద్యలో బాగా ఆరితేరిన మొక్క ఏదంటే, మీరు పోయినేడు వేసిన జొన్నే. మీ తమ్ముడికి ప్రయోగాల సరదా ఉంది కాబట్టి మిక్సీ పక్కన పెట్టి ఇది చేయమనండి. పది జొన్న గింజలు రాత్రి నానబెట్టి, తడిపి గట్టిగా పిండిన గుడ్డలో వదులుగా చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. చెమ్మ ఉండాలి, నీళ్లు నిలవకూడదు. ఐదారు రోజులకు వేళ్ల మీద తెల్లటి నూగు వస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో వాడే చిన్న లెన్స్‌తో, వెలుతురు వైపు పట్టుకుని చూస్తే ఆ నూగు కొసల్లో పసుపు పచ్చని, నూనెలాంటి బొట్లు మెరుస్తుంటాయి. అందులో ముఖ్యమైన పదార్థం పేరు సోర్గోలియోన్. 1986లో దాన్ని గుర్తించారు. పక్కన మొలిచే కలుపు మొక్కల మీద జొన్న వాడే ఆయుధం అదే.

అది ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. ఆకులోని పత్రహరితం ఎండను పట్టుకుని, ఆ బలంతో నీటిని విడగొడుతుంది. అందులోంచి వచ్చిన ఎలక్ట్రాన్లు, కల్లంలో బస్తాలు చేతులు మారినట్టు, ఒకరి నుంచి ఒకరికి అందుతూ పోవాలి. అప్పుడే చక్కెర తయారీకి కావాల్సిన శక్తి పుడుతుంది. ఈ వరసలో ఒకచోట ప్లాస్టోక్వినోన్ అనే చిన్న అణువు వచ్చి, ఒక ప్రొటీన్‌లోని గుంటలో కూర్చుని, ఎలక్ట్రాన్లను ఎత్తుకుని లేచిపోతుంది. సోర్గోలియోన్ ఏం చేస్తుందంటే, పత్తికొండ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి టవల్ వేసినవాడిలా, ఆ సీటు తాను పట్టేస్తుంది. ఎక్కాల్సినది వస్తుంది, సీటు ఉండదు, వెనక్కి పోతుంది. ఎండ మాత్రం ఆగదు. పట్టిన శక్తి ముందుకు పోయే దారి లేక ఆకులోనే ఆక్సిజన్‌ను రెచ్చగొట్టి, పత్రహరితాన్నీ దాని చుట్టూ ఉన్న పొరల్నీ కాల్చేస్తుంది. మొక్క తిండి లేక మాడటమే కాదు, తన ఎండకు తానే కాలుతుంది.

జొన్న, మొక్కజొన్న చేలల్లో కలుపుకు కొట్టే అట్రజిన్ పనిచేసేదీ ఆ సీటు మీదే. అందుకే మిమ్మల్ని ఒకటి అడగాలి. పోయినేడు జొన్న వేసినప్పుడు అట్రజిన్ గానీ కొట్టారా? వానలు తక్కువై, నేల సున్నపు గుణంతో ఉంటే ఆ మందు తొందరగా విరగదు, తర్వాత వేసిన పప్పుజాతి పైరును పట్టుకుంటుంది. దాని గుర్తు కింది ఆకుల అంచులు ముందుగా పసుపు పడి మాడటం. మీరు రాసింది లేత ఆకుల గురించి కాబట్టి అది కాదనే అనుకుంటున్నాను. అయినా మందు కొట్టిన మాట నిజమైతే ఒకసారి కింది ఆకులు చూడండి.

ఇంత చేసే జొన్న మీ బుడ్డల్ని ఎందుకు చంపలేదు? సోర్గోలియోన్‌ది నూనె గుణం. నీళ్లలో కరిగి పారదు, వేరు చుట్టూ ఉన్న మట్టికే అంటుకుని ఉంటుంది. బతికున్న వేళ్ల నూగు మాత్రమే దాన్ని తయారు చేస్తుంది. పంట కోశాక కొత్తది రాదు, ఉన్నదాన్ని కొన్ని వారాల్లో మట్టి సూక్ష్మజీవులు తినేస్తాయి. పైగా దాని దెబ్బ చిన్న గింజ మీద, అప్పుడే తల ఎత్తిన కలుపు మీద. బుడ్డ విత్తనం లావుది, లోపల సొంత తిండి ఉన్నది, రెండంగుళాల లోతున పడేది. కాబట్టి పోయినేటి జొన్న ఈ ఏడు బుడ్డల్ని విషం పెట్టి పడగొట్టిందంటే నేనొప్పుకోను. ఒక్కటి మాత్రం నిజం. జొన్న కొయ్యకాళ్లు విత్తనానికి ముందు దున్ని, అవి సగం కుళ్లీ కుళ్లకుండా ఉంటే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి. ఆ కుళ్లులోంచి వచ్చే ఆమ్లాలు కూడా లేత వేరుకు పడవు. మొదటి మూడు నాలుగు వారాలు పైరు పాలిపోయి, తర్వాత తేరుకుంటుంది. కోత అయిన వెంటనే కొయ్యకాళ్లు దున్నేస్తే ఈ గొడవ ఉండదు.

ఇక్కడ చాలామంది కలిపేసే ఇంకో విషయం ఉంది. నాము (జొన్న మోళ్ల నుంచి లేచే లేత పిలకలు) తిని పశువులు పడిపోతాయి కదా, ఆ విషం ఇది కాదు. లేత జొన్న పిలకలో, ఎండకు గిడసబారిన మొక్కలో ఉండేది వేరే పదార్థం. పశువు పొట్టలో అది సైనైడ్ వదులుతుంది. అది ఆకులో ఉంటుంది, ఇది వేరులో ఉంటుంది. నాము చూసి జొన్న నేలంతా విషమని ఎవరైనా అంటే నమ్మకండి.

నీలగిరి దగ్గరకొద్దాం. దీని ఆకులో ఘాటైన నూనెలున్నాయి, నలిపితే ముక్కుకు తగిలే వాసన వాటిదే. రాలిన ఆకు నానితే ఫినాలిక్ ఆమ్లాలనే రకం పదార్థాలు దిగుతాయి. ఇవి సోర్గోలియోన్‌లా సీటు పట్టవు, పని ఇంకో దారిలో చేస్తాయి. వేరు నీళ్లు తాగే శక్తి తగ్గిస్తాయి. నీళ్లు చాలక ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు. ఎండ ఉన్నా వంటకు సరుకు ఉండదు. ఆ ఆమ్లాలు ఎక్కువైతే పత్రహరితమూ తగ్గుతుంది. 1979లో అమెరికాలో ఈ ఆమ్లాలను సోయా మొలకలకూ జొన్న మొలకలకూ ఇచ్చి చూశారు. సోయా ఆకుల్లో పత్రహరితం తగ్గింది, జొన్నలో తగ్గలేదు. సోయా, వేరుశనగ ఒకే కుటుంబం కాబట్టి మీ బుడ్డలు కూడా ఈ విషయంలో జొన్న కన్నా సున్నితమేనని అనుకోవచ్చు.

నీలగిరి కుటుంబంలోదే ఎర్ర కుచ్చుల బాటిల్ బ్రష్ చెట్టు. 1977లో కాలిఫోర్నియాలో ఒక శాస్త్రవేత్త ఆ చెట్టు కింద కలుపు తక్కువగా ఉండటం గమనించాడు. వెతికితే ఒక పదార్థం దొరికింది. అది తగిలిన మొక్క తెల్లగా పాలిపోతుంది, ఎందుకంటే పత్రహరితానికి గొడుగు పట్టే పసుపు రంగు పదార్థాలను అది తయారు కానివ్వదు. దాన్ని నమూనాగా పెట్టుకుని చేసిన కలుపు మందులు ఇప్పుడు మొక్కజొన్నలో వాడుతున్నారు. కాబట్టి చెట్టుకు ఆ శక్తి లేదని నేననను.

కానీ మీ ఐదారు సాళ్ల విషయంలో నా అనుమానం ముందు దాహం మీద, తర్వాత నీడ మీద, ఆ తర్వాతే విషం మీద. తుగ్గలిలో పడే వాన ఎంత? ఆ కొద్ది చెమ్మను పద్నాలుగు నీలగిరి చెట్లు పక్కలకు వేళ్లు చాపి తాగుతుంటే పైరుకు మిగిలేదెంత? చూడటానికి ఒక తేలిక పద్ధతుంది. వాన పడిన నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు గెనిమ పక్క సాళ్లలో నిలబడి ఆకులు చూడండి, తర్వాత చేను నడుమకు పోయి చూడండి. గెనిమ పక్క ఆకులు ముందుగా ముడుచుకుని, సాయంత్రానికి విచ్చుకుంటే అది దాహం. అక్కడ జానెడు లోతున గుంత తీసి మట్టి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టకుండా పొడిపొడిగా రాలితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తమ్ముడు ఒప్పుకోకపోతే అతని చేతే సరైన పరీక్ష చేయించండి. పాత పెయింటు బకెట్లు ఆరు తీసుకుని అడుగున బెజ్జాలు కొట్టాలి. మూడింట్లో చెట్ల కింది పైమట్టి, రాలిన ఆకుతో సహా. మిగతా మూడింట్లో చేలో సుద్ద లేని చోటి మట్టి. అన్నీ మీ ఇంటి ముందు ఒకే ఎండలో పెట్టి, ఒకే చెంబుతో ఒకే కొలతగా నీళ్లు పోయాలి. ఒక్కోదాంట్లో ఐదు బుడ్డ విత్తనాలు, ఓ పక్కన చిటికెడు ఆవాలు. ఆవగింజ చిన్నది, విషముంటే ముందు అదే చెబుతుంది. మూడు వారాలు చూడండి. నీళ్లు సమానంగా పోస్తే రెండు మట్టుల్లోనూ పైరు ఒకేలా వచ్చిందా, మీ చేలో దోషం విషానిది కాదు. ఆవాలు వాడిపోయి, బుడ్డలు బాగుంటే విషం ఉంది, కానీ మీ పైరు దాన్ని లెక్కచేయడం లేదు. రెండూ వాడిపోతే మీ తమ్ముడిదే గెలుపు, అతనికి నా తరఫున సారీ చెప్పండి.

చేను నడుమ పసుపు మాత్రం వేరే కథ. ఇందులో నా సొంత తప్పు ఒకటుంది, చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఒక రైతు గట్టున ఉన్న చెట్లు చూసి, పసుపు పడిన వేరుశనగ చూసి, చెట్లే కారణమని తొందరపడి చెప్పేశాను. ఆయన ఏడు చెట్లు కొట్టించాడు. మరుసటేడు అదే చోట అదే పసుపు. అప్పుడు కిందికి వంగి చూశాను, సుద్ద! పాపం ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇచ్చి పంపాడు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా మొక్క చేతికి చిక్కని రూపంలో ఉంటుంది. పత్రహరితంలో ఇనుము ఉండదు, కానీ ఇనుము లేనిదే పత్రహరితం తయారు కాదు. అందుకే కొత్తగా విచ్చే ఆకు ముందు పాలిపోతుంది, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. ముదిరితే ఆకు కాగితంలా తెల్లబడుతుంది. నత్రజని లోపమైతే కింది ముదురు ఆకుల నుంచి మొదలవుతుంది. మీరు రాసిన గుర్తులన్నీ ఇనుము వైపే చూపిస్తున్నాయి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరు నీటికి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము కలిపి, అంటే ఎకరాకు 200 లీటర్ల నీటికి కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు, సాయంత్రం పూట ఆకులు బాగా తడిసేలా కొట్టండి. వారానికోసారి, రెండు మూడు సార్లు. కలిపిన మందు అదే రోజు వాడేయాలి, నిలవ ఉంటే తుప్పు రంగు తిరిగి పనికిరాదు. మొదటిసారి కొట్టిన వారానికే కొత్త ఆకు పచ్చబడుతుంటే రోగం అదే. దుకాణంలో విషం విరిచే టానిక్కు అని ఏదైనా సీసా చూపిస్తే తీసుకోకండి. మొక్కలు వదిలే రసాయనాలకు పైన కొట్టే విరుగుడు లేదు.

మీరు పోతూ పోతూ రాసిన ఒక్క వాక్యం నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. పడమటి గట్టున వయ్యారిభామ పూతలో ఉందన్నారు. చెట్ల మీద పడ్డ కోపంలో సగం దీని మీద పడాల్సింది. 1950ల్లో పుణె దగ్గర కనబడ్డ ఈ అమెరికా కలుపు ఇప్పుడు లేని గట్టు లేదు. దీని ఒంటినిండా పార్థెనిన్ అనే చేదు విషం. పుప్పొడి పక్క పైరు ఆకుల మీద పడితే పత్రహరితం తగ్గుతుందని, పూల కీలాగ్రం మీద పడితే కాయ కట్టదని బెంగళూరు శాస్త్రవేత్తలు 1980లోనే రాశారు. అయితే మన సీమ రైతుకు దీని వల్ల వచ్చిన అసలు దెబ్బ వేరు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ మొవ్వులు, కాండాలు నల్లబడి చచ్చిపోయాయి. దాదాపు 2,25,000 హెక్టార్లలో. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్కకట్టారు. కాండం కుళ్లు వైరస్ తెగులు అది. ఆ వైరస్ వయ్యారిభామలో ఏ జబ్బూ కనబడకుండా దాక్కుని, దాని పుప్పొడిలోకి చేరుతుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ ఆకుల మీదకు తెస్తాయి. ఆకును గీకిన చోట వైరస్ లోపలికి పోతుంది. మీ పైరుకు నలభై రోజులే. కూలోళ్లు దొరక్కపోతే మీరూ తమ్ముడూ పొద్దున్నే మంచు ఆరకముందు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని పీకండి. చర్మానికి దురద, ఉబ్బసం తెప్పించే మొక్క, నాన్నగారిని దగ్గరకు రానీయకండి. పూత ఉన్న తలలు సంచిలో కుక్కి దూరంగా తీసుకుపోవాలి, చేలో పడేయకూడదు.

ఇప్పుడు మీరడిగిన జొన్న ప్రశ్నకు జవాబు. వేయండి. ఇంకా చెప్పాలంటే, వచ్చే ఏడు బుడ్డల చేను చుట్టూ నాలుగు నుంచి ఎనిమిది వరసలు జొన్నో సజ్జో తప్పకుండా వేయండి. గాలిలో కొట్టుకొచ్చే తామర పురుగులకు అది అడ్డుగోడ. ఆ తెగులు వచ్చాక శాస్త్రవేత్తలు చెప్పిన జాగ్రత్తల్లో ఇదొకటి. తూర్పు గెనిమ పక్క ఎలాగూ బుడ్డలు రావడం లేదు కాబట్టి అక్కడ మేత జొన్న వేస్తే కొంతైనా కళ్లజూస్తారు.

చెట్లు కొట్టించినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. నీలగిరి మోడు ఊరుకోదు, వానకు గుత్తులుగా పిలకలేస్తుంది, వాటికీ దాహమే. దానికన్నా గెనిమకు మీ వైపు రెండు మూడు అడుగుల లోతున కందకం తీయిస్తే మీ చేలోకి చాచిన వేళ్లు తెగుతాయి. రెండేళ్లకోసారి దాన్ని మళ్లీ తీయించాలి. తొలకరికి ముందు రాలిన ఆకును ఊడ్చి, పేడతో కలిపి గుంతలో వేసి మురగబెట్టండి. నాలుగైదు నెలలకు అందులోని ఆమ్లాలు విరిగిపోతాయి.

కందకం మీ నేలలోనే అయినా తెగేవి చిన్నాయన చెట్ల వేళ్లు. అందుకని జేసీబీ పిలిచే ముందు ఆయనకు చెప్పాలి. తమ్ముణ్ణి పంపకండి, మీరే వెళ్లండి. బకెట్లలో మొలకలు వచ్చేదాకా ఆగి, చెట్ల కింది మట్టి ఉన్న బకెట్ ఒకటి, చేను మట్టి ఉన్నది ఒకటి చేతపట్టుకుని వెళ్లినా బాగుంటుంది. ఆయనా రైతే, చూడగానే అర్థం చేసుకుంటాడు.